మనీ ప్లాంటు ఇచ్చిన తీర్థం

మొన్న శ్రావణ శుక్రవారం, పొద్దున ఐదు గంటల పది నిమిషాలు. గడియారం చూసి దీపం ముట్టించిన గనుక టైము మంచిగ యాదుంది. ఆ పొద్దు గౌలిపురలో మా గల్లీ ఆడోళ్ళందరికీ మా ఇంట్లనే తీర్థం దొరికింది. ఎనిమిది కొట్టేసరికి మా చిన్నత్తమ్మ నాలుక బయటపెట్టి కుర్చీల కూసున్నది, ఆమె కాళ్ళ మీద మజ్జిగ పారుతున్నది! నడుమ ఏం జరిగిందో చెప్త. మీరు నవ్వుకోండ్రి, నేనేమనుకోను.

ముందుగాల చెట్టు సంగతి. అది మనీ ప్లాంటు, మా కోడలు స్వప్నది. వాళ్ళ నాయిన ఆఫీసు కిటికీల పెంచుకున్న తీగెను రిటైరైన నాడు జానెడు కత్తిరించి, సీసాల పెట్టుకొని ఇంటికి తెచ్చుకున్నడట. ఆయన పోయినంక అన్నదమ్ములతోటి కూసొని సామాన్లు పంచుకునేటప్పుడు, "నాకు నాయిన చెట్టు చాలు" అన్నదట ఈ పిల్ల. ఇంకేం ముట్టలేదు. ఇప్పుడు మా కొడుకు నరేశ్ జల్‌పల్లిల చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టిస్తున్నడు. వాళ్ళు ఆ పక్కనే కిరాయికుంటున్నరు. పొద్దంత సిమెంటు దుమ్ము. అందుకని గృహప్రవేశం దాక చెట్టును నా దగ్గర పెట్టింది.

"అత్తమ్మా, ఈ ఇంట్ల ఏ గిన్నె ఎవరిదో, ఎవరు ఎప్పుడు తెచ్చిండ్రో నీకే యాదుంటది. అందుకే నీ చేతిల పెడుతున్న," అన్నది.

అది నిజమే. మా మామయ్య అమ్మేసిన ఆఖరి బర్రె పేరు కూడ నాకే యాదుంది. చంద్రి. ఇప్పుడు బర్రెలు లేవు, మా ఆయన యాదగిరి పాల దుకాణం నడుపుతడు గంతే.

"వారానికొక్కపారి గ్లాసెడు నీళ్ళు పొయ్యి. మీద ఎండ పడొద్దు. ఇంకేం చెయ్యకు అత్తమ్మా," అన్నది స్వప్న.

ఇంకేం చెయ్యకు అంటే మా ఇంట్ల ఎవరితోనన్న అయితదా!

ఆ చెట్టును హాల్ల దేవుని గూటి పక్కన పెట్టిన. అబ్బ, ఏం పెరుగుడండీ అది! కొబ్బరి పీచు చుట్టిన కర్ర పట్టుకొని ఎక్కింది, కర్ర అయిపోంగనె గోడ పట్టుకున్నది. కండ్లు లేవు, చేతులు లేవు, గోడ ఎక్కడుందో దానికెవరు చెప్పిండ్రు? వచ్చినప్పుడు తమలపాకంత ఉన్న ఆకులు, పోను పోను టిఫిను ప్లేటంతైనయి. కొత్త ఆకు చుట్ట చుట్టుకొని, లేత పచ్చగ వచ్చి, మెల్లగ విప్పుకుంటుంటే నేను పొయ్యి మీద పాలు మర్చిపోయి చూసేదాన్ని. మా ఆయన మేకులు కొట్టి దారం కట్టిండు. తీగె దేవుని గూటి మీదికెల్లి తోరణం లెక్క పోయింది. ఒక పెద్ద ఆకైతే సరిగ్గ మా ఇంటి దేవుడు నర్సింహస్వామి ఇత్తడి విగ్రహం మీదికి వంగింది, గొడుగు పట్టినట్టు.

ఇగ ఆ శుక్రవారం. రాత్రంత ముసురు పడ్డది. నేను తానం చేసి, దీపం ముట్టించి, దండం పెట్టి కండ్లు తెరిచిన. స్వామి తల మీద ఒక నీటి చుక్క.

తుడుద్దామని చెయ్యి సాపిన. ఇంకో చుక్క పడ్డది.

తలెత్తి చూస్తే ఏం చెప్పాలె! ప్రతి ఆకు కొసకు ఒక్కొక్క చుక్క వేలాడుతున్నది. ప్రతి చుక్కల నా దీపం ఉన్నది. గూటి పొడుగూత చిన్న చిన్న దీపాలు వరుసబెట్టి వెలుగుతున్నట్టున్నది. పైకప్పు చూసిన, ఉరుస్తలేదు. గోడ పట్టి చూసిన, పొడిగున్నది. ఎవరూ నీళ్ళు చల్లలేదు. చెట్టు తనంతట తానే స్వామికి అభిషేకం చేస్తున్నది! కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"నరేశ్ బాపూ! జర జల్ది రా!" అని పిలిచిన. నాది మొదటినుంచి చిన్న గొంతు. ఆ రోజు అది వాకిటి దాక పోయింది, అదొక మహిమ.

మా ఆయన దుకాణానికి పోనీకి చెప్పులేసుకున్నోడు విడిచి వచ్చిండు. చూసిండు. నోరు తెరిచిండు. ఏం అనకుంట వంగి దండం పెట్టిండు. ముప్పై ఏండ్ల కాపురంల మా ఆయన ఏం అనకుంట ఉన్నది అదే మొదటిసారి. వెనక నుంచి చిన్నత్తమ్మ వచ్చింది. మా అత్తమ్మ చెల్లె, ఎనభై దాటినయి, మాతోటే ఉంటది.

"నేను చెప్పలేదా యాదిగా? ఈ ఇంట్ల స్వామి ఉన్నడు!" అన్నది.

పక్కింటి రజియా ఆపా నమాజు చేసుకొని, పెరుగు కోసం గిన్నె పట్టుకొని అప్పుడే వచ్చింది. గడపల్నే నిలబడిపోయింది. "సుబ్‌హానల్లాహ్!" అన్నది మెల్లగ. "భారతీ, బనానేవాలే కీ షాన్ దేఖో!" సృష్టించినోని గొప్పతనం చూడు అని. ఇద్దరం కొంచెంసేపు చెయ్యి చెయ్యి పట్టుకొని చూసినం. ఆమె దేవుడు ఆమెకు కనపడ్డడు, నా దేవుడు నాకు కనపడ్డడు.

అక్కడికి ఆపితే ఈ ముచ్చటే లేదు. కాని అంత అదృష్టం మేమే దాచుకుంటే పాపం గద! శ్రావణ శుక్రవారమాయె. గుమ్మం దగ్గర ముగ్గేసే ఎదురింటామెకు చెప్పిన. ఆమె గొంతు నా గొంతు లెక్క గాదు. పావుగంటల మా హాలు నిండింది. ఒకామె రాగి చెంబు తెచ్చింది, ఒకామె స్టీలు గ్లాసు. ఇంకొకామె ఫోన్ల వీడియో తీసి కాలనీ గ్రూపుల పెట్టింది. నేను ఆకు కింద ఉద్ధరిణి పట్టి, పడ్డ చుక్కను పడ్డట్టు చెంబుల నీళ్ళల్ల కలిపి, తలా ఇంత చేతుల పోసిన. కండ్లకద్దుకున్నరు, నెత్తికి రాసుకున్నరు. చిన్నపోరి లెక్క ఉబ్బిపోయిన.

ఏడు దాటి తెల్లగ వెలుగొచ్చింది. చుక్కలు ఆగినయి. ఆకులు ఆరిపోయినయి. వెనకున్నోళ్ళు లొల్లి షురూ చేసిండ్రు.

"ముందటోళ్ళకు చెంబులు నింపి, మాకు ఖాళీ చేతులా వదినా?"

అప్పుడు మా చిన్నత్తమ్మ కుర్చీల నుంచి చెయ్యెత్తింది. "ఏంది మీ లొల్లి! తీర్థం అయిపోతే ప్రసాదం లేదా?" అని, చేతికందిన లేత ఆకు ఒకటి పటుక్కున తెంపి, "చూడుండ్రి" అని సగం నోట్ల పెట్టుకొని నమిలింది.

రెండు నమలుళ్ళు. మూడోది నమలలేదు.

మొఖం ఎర్రగైంది. నాలుక బయటికొచ్చింది. చేతులు కొట్టుకుంట, కాళ్ళు నేలకు తన్నుకుంట, "మ్మ్... హా... హా..." అని ఊగుడు మొదలుపెట్టింది. ఇప్పుడు మీరే చెప్పుండ్రి. ఏటేటా బోనాల్ల అమ్మవారు పూనుడు చూసే మనుషులం. పొద్దుగాల చెట్టు అభిషేకం చేసింది. దాని ఆకు నోట్ల పెట్టంగనె ముసలామె నాలుక బయటపెట్టి ఊగుతున్నది. మేం ఏమనుకోవాలె?

"స్వామి పూనిండే!" అని ఒకామె కేక. ఇగ చూడుండ్రి! ఒకరు పసుపునీళ్ళు, ఒకరు ఊదుబత్తి, ఇంకొకరు యాపమండ యాడ దొరికిందో తెచ్చి ఆమె మొఖం ముందర ఊపుతున్నరు. నేను సుత ఆమె కాళ్ళ మీద పడ్డ.

"సామీ, మా బిడ్డ లగ్గం ఎప్పుడైతది?" అని ఎదురింటామె అడిగింది.

"మ... మ... మజ్జిగ!" అన్నది చిన్నత్తమ్మ.

"సామి మజ్జిగ సాక అడుగుతున్నడు! కాళ్ళ మీద ధార పొయ్యాలె! జల్ది!"

మాది పాల ఇల్లు, మజ్జిగకు కరువేంది? మా ఆయన ఉరికి పెద్ద చెంబు నిండ తెచ్చిండు. భక్తితోటి, వంగి, ఆమె కాళ్ళ మీద ధారగ పోసిండు. చిన్నత్తమ్మ చెంబు దిక్కు చేతులు సాపింది. "శాంతించు తల్లీ!" అని ఇద్దరు ఆ చేతులు పట్టుకున్నరు. పాపం ఆమె తన కాళ్ళ మీద పారే మజ్జిగను చూసిన చూపు నేను బతికినన్ని దినాలు మర్చిపోను.

గప్పుడే ఫోను మోగింది. స్వప్న, వీడియో కాల్. గ్రూపుల వీడియో జల్‌పల్లి దాక పోయింది.

"చూడు బిడ్డా, మీ నాయిన చెట్టు మహిమ! చిన్న నానమ్మ మీదికి స్వామి వచ్చిండు!" అని ఫోను తిప్పి చూపించిన.

"అత్తమ్మా... ఆమె చేతిల ఆ ఆకు ముక్క ఏంది?"

"ప్రసాదం."

"తిన్నదా?! అత్తమ్మా, అది పచ్చి కంద లెక్క! నోరు మండుతది! ఉమ్మి పుక్కిలించమను, సల్లటి పెరుగు పెట్టు నోట్ల! నోట్ల!"

నేను చెప్పిన. "ఆమెకు నోరు మండుతున్నది, పక్కకు జరుగుండ్రి." ఆ లొల్లిల నా గొంతు ఎవరింటరు? ఇంకోపారి చెప్పిన. నన్ను సుత పూనకంల చేర్చిండ్రు, నా మీద కూడ పసుపునీళ్ళు పడ్డయి! ఆఖరికి ఫోను స్పీకర్ల పెట్టి పైకెత్తి పట్టిన. "ఆమెకు పెరుగు తినిపియ్యుండ్రి!" అని స్వప్న అరుపు గోడలదిరేటట్టు వినొచ్చింది. అందరు ఆగిపోయిండ్రు. రజియా ఆపా ఉరికి, నీళ్ళతోటి నోరు కడిగిపిచ్చి, పెరుగు చెంచతోటి తినిపిచ్చింది.

కొంచెం సల్లబడినంక చిన్నత్తమ్మ అన్న మొదటి మాట: "మొఖం మీద పోసినా ఏవో నాలుగు చుక్కలు లోపలికి పోతుండె గద యాదిగా!"

హాలంత నవ్వు. నేను నవ్వుతుంటే ఫోన్ల నుంచి స్వప్న మెల్లగ అడిగింది.

"అత్తమ్మా, ఆకులకు చుక్కలొచ్చినయంటే కుండల నీళ్ళు మస్తు ఎక్కువైనట్టు. అది తాగలేక బయటికి పంపుతున్నది. ఎన్ని నీళ్ళు పోస్తున్నరు?"

"వారానికి గ్లాసెడే బిడ్డా, స్వామి సాక్షి."

అబద్ధం గాదు. మరి రోజూ పూజైనంక కలశం నీళ్ళు దాని మొదట్ల పోసేది? అది తీర్థం. తొక్కే జాగల పారబొయ్యొద్దని పోస్తున్న. తీర్థం నీళ్ళ లెక్కల రాదు గద! నేను అటు ఇటు చూసేసరికి మా ఆయన తల గోక్కుంటున్నడు. "పాల క్యాన్లు కడిగిన నీళ్ళు... అది బలానికి. నీళ్ళేం గాదు." చిన్నత్తమ్మ చెంచ పక్కన పెట్టి, "బియ్యం కడుగు ఎట్ల పారబొయ్యాలె?" అన్నది. ఆఖరికి రజియా ఆపా కొంగు సర్దుకున్నది. పెరుగు కోసం వచ్చినప్పుడల్లా ఇంత పోస్తున్నదట. "ప్యాసే కో పానీ పిలానా సవాబ్ హై నా," దప్పికున్నదానికి నీళ్ళిచ్చుడు పుణ్యం గద అని.

ఒక్క చెట్టు. దాని మీద రెండు మతాల పుణ్యం, పాల దుకాణం, బియ్యం బస్తా.

"నాయినది అత్తమ్మా అది," అన్నది స్వప్న, గంతే. కాల్ కట్ అయింది. నా నవ్వు సల్లారింది. ఎందుకంటే ఆ మాటతోటి నాకు అంతకుముందు కానొచ్చినా పట్టించుకోని కింది పసుపు ఆకులు, కుండ నుంచి వచ్చే మురుగు వాసన అన్నీ ఒక్కపారి కానొచ్చినయి. చేతిల పెట్టి పోయిన పిల్లకు ఏం మొఖం చూపియ్యాలె?

మధ్యాహ్నానికి ముసుర్ల ఆటో ఎక్కి వచ్చేసింది. చెప్పులు కూడ సరిగ్గ విడువలేదు. గోడ మీది దారాలు ఇప్పి, కుండ పక్కకు ఒరగబెట్టి, మెల్లగ తట్టి, చెట్టును బయటికి గుంజింది. మేమందరం చుట్టూ నిలబడ్డం, ఆపరేషన్ థియేటర్ బయట చుట్టాల లెక్క. మట్టి బురద బురదగున్నది. నల్లగైన వేర్లు ముడితే ఊడుతున్నయి. ఒక్కొక్కటి కత్తిరిస్తున్నది, మొఖంల రక్తం లేదు. నేను లోపల లోపల స్వామిని మొక్కుతున్న. పొద్దుగాల మహిమ చూపమని అడగలేదు సామీ, ఇప్పుడు అడుగుతున్న.

నల్లటివన్నీ పోయినంక లోపల గుప్పెడు తెల్లటి వేర్లు కనపడ్డయి. గట్టివి, లేతవి, దారాల్లెక్క.

"బతుకుతది," అన్నది స్వప్న. కూలబడి కూసున్నది.

"తప్పైంది బిడ్డా," అన్న.

ఆమె కొత్త మట్టి నింపుకుంట, చిన్నగ నవ్వుడు మొదలుపెట్టింది. "నాయిన సుత గిట్లనే పోసేటోడు అత్తమ్మా. మా అమ్మ తిట్టేది, చెట్టును ముంచుతున్నవని. పొద్దుగాల మంచంల నుంచి నన్ను లేపుకపోయి, 'ఇగో చూడు, చెట్టు ముత్యాలు కాసింది' అని చూపించేటోడు. ఇన్నేండ్లల్ల నాకు ఒక్కసారి సుత యాదికి రాలేదు. పొద్దుగాల ఆ వీడియో చూసినంక యాదికొచ్చింది."

ఎక్కువైన నీళ్ళేనట, మహిమ గాదట. కాని వేర్లు కుళ్ళుతున్నా రాత్రంత నీళ్ళను పైకి మోసి, ప్రతి ఆకు కొస దాక చేర్చి, ఒక్కొక్క చుక్క చేసి పెట్టుడు చిన్న పనా? ఆ చుక్క ఒక నాయినను ఆయన బిడ్డ దగ్గరికి తోలుకొచ్చింది. ముత్యాల మాట నేను మిగిలిన ఇంటి ముచ్చట్లతోటి దాచుకున్న. ఎవరడిగినా చెప్త.

తెల్లారి శనివారం. స్వప్న రాత్రి ఇక్కడ్నే ఉన్నది. ఐదింటికి లేచి చూస్తే ఒక్క ఆకుకు సుత చుక్క లేదు. నీళ్ళు పోసిన నలుగురం కలిసి కుండను ఎత్తి ఎండ పడని కిటికీ దగ్గరికి జరిపినం. కలశం నీళ్ళు, పాల క్యాను నీళ్ళు, బియ్యం కడుగు ఒక్క బకెట్ల పోసి మా ఆయన గుడి వెనక యాపచెట్టుకు మోసుకపోయిండు. ఇంతల తలుపు చప్పుడైంది. రాగి చెంబులు, స్టీలు గ్లాసులు పట్టుకొని నిన్న తీర్థం అందనోళ్ళందరు లైను కట్టిండ్రు.

"వదినా, ఇయ్యాల మా వంతు!"

నా చిన్న గొంతుతోటి అంతమందికి వేర్లు, బురద, ఇదంత ఎట్ల చెప్పాలె? "ఇయ్యాల లేదమ్మా, శనివారం గద," అన్న. "మా మనీ ప్లాంటు ఒక్కపొద్దున్నది."

వెనక నుంచి రజియా ఆపా సర్దింది: "హా, రోజే మే హై," రోజా ఉన్నది అని.

అందరు చెట్టుకు దండం పెట్టి ఎనక్కి పోయిండ్రు. మేం లోపలికొచ్చి కడుపునిండ టిఫిను తిన్నం. చెట్టును ముంచినోళ్ళం మేం, ఉపవాసం దానికి!