బోర్లించిన కప్పు

శనివారం ఉదయం తొమ్మిది ఇరవైకి పెర్త్ స్టేషన్‌లో మాండూరా రైలెక్కాను. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న రోజులవి. ఎనభై దాటిన సారమ్మ మామ్మ విశ్వాస సాక్ష్యం రాసుకు రమ్మని మా తెలుగు సంఘం పాస్టరుగారు పంపారు. మామ్మ ఆరాధన ఎన్నడూ మానదు గాని, ప్రభువు బల్ల దగ్గర, యేసు శరీరానికి గుర్తుగా పంచే రొట్టె పళ్లెం వస్తే తాను ముట్టకుండా పక్కవారికి అందించేస్తుంది. కారణం ఎవరికీ చెప్పలేదు.

కాక్‌బర్న్ సెంట్రల్‌లో దిగి పియారా వాటర్స్ బస్సెక్కాలి. శనివారం గంటకొకటే, తప్పిపోతే ఎండలో నిలబడాలి. నా ఒళ్లో బైబిలు చూసి పక్కసీటు ఆంటీ, "ఎగ్జామ్సా అమ్మా?" అని నవ్వింది.

పదిన్నరకు ఇల్లు చేరాను. మామ్మ మనవడి భార్య వేడి ఉప్మా పెట్టింది.

మామ్మ పుట్టింది మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోటలో. యుద్ధంలో జపాన్ సైన్యం వచ్చేనాటికి తొమ్మిదేళ్లు. తోట నడిపే తెల్లదొరలు ముందే పారిపోయారు. సైనికులు సైకిళ్ల మీద వస్తున్నారని తెలిసి, దొరల మతపుస్తకం దొరికితే నాన్నను చంపుతారన్న భయంతో తల్లి వేదపుస్తకాన్ని ఆమె చేతికిచ్చి ఏదైనా చెట్టు కింద పాతిపెట్టి రమ్మంది. కూలీల ఇళ్లన్నిటికీ అదొక్కటే పుస్తకం.

"సెట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి గదా. గుర్తుకని ఆ సెట్టుకి కట్టిన, రబ్బరు పాలు పట్టే కప్పు బోర్లించీసి వచ్చీసాను" అంది మామ్మ.

మర్నాటికి తోటలో పని ఆగిపోయింది. వాన నీళ్లు చేరకుండా మేస్త్రి కప్పులన్నీ బోర్లింపించాడు. ఎన్ని చెట్ల కింద తవ్వినా పుస్తకం దొరకలేదు. కొన్నాళ్లకు సైనికులు నాన్నను అడవిలో వేసే రైలుదారి పనికి పట్టుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు.

"ఎల్లేముందు పుస్తకం అడిగాడు తల్లీ. దేవుడి మాట పారేసిన దాన్ని, ఏ మొకంతో రొట్టె ముట్టుకుంతాను?"

ఆ పుస్తకంలో నాన్న రోజూ ఏం చదివేవారని అడిగాను. మామ్మ కళ్లు మూసుకుని బైబిల్లోని కాపరి కీర్తన మొదలుపెట్టింది. నేల మీద బొమ్మలు గీస్తున్న ఏడేళ్ల మునిమనవరాలు గ్రేస్ తల ఎత్తకుండానే గొంతు కలిపింది. ఇంట్లో ఇంగ్లీషు తప్ప పలకని పిల్ల, ఒక్క మాట పోకుండా చివరిదాకా చెప్పింది.

ఎవరు నేర్పారని అడిగాను. "నో వన్. మామ్మ సేస్ ఇట్ ఎవ్రీ బెడ్‌టైమ్" అంది, రంగు పెన్సిలు మారుస్తూ.

మామ్మ కళ్లు తెరిచి పిల్లను చూసింది. "మా నాన్న ఇలాగే ఆగి ఆగి సదివేవాడు" అంది.

భోజనమయ్యాక బస్‌స్టాప్ దాకా నడిచి వచ్చింది. బస్సు ఆగగానే నా చెయ్యి పట్టుకుని, "రేపు నా పక్కనే కూకో తల్లీ. ఈసారి నేను రొట్టె తీసుకున్నాకే పళ్లెం నీకిత్తాను" అంది.

తిరుగు రైలులో నోటుపుస్తకం తీశాను. దేవుని వాక్యం ఒక చోట పాతితే మరో చోట మొలుస్తుందని రాసి, చివరి పేరా ఖాళీగా వదిలాను. అది రేపు మామ్మే పూర్తి చేస్తుంది.