రాయి పలకని తూటా

మా పాత ఇంటి ఓనరుగారు పోయారు. మొన్న పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి, "నిద్రలనే పోయిండక్కా, ఎవర్నీ పరేషాన్ చెయ్యలే" అంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడిపోయాను.

ఆయన్ని నేను బాబాయిగారు అనేదాన్ని. తొంభైల చివర్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచిన రోజుల్లో, గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చి కొండాపూర్‌లో ఆయన ఇంటి పై వాటా అద్దెకు తీసుకున్నాను. ఇంటి వెనక ఆయన పల్లీ చేను, చేను చివర ఏనుగంత బండరాయి. ఆ పల్లీలు పోయిన భార్య ఏరి దాచిన విత్తనం. ఏటా వేసి, ఏటా మళ్లీ విత్తనానికి తీసేవారు. "గింజ పోతే ఆమె మల్ల పోయినట్టే బిడ్డా" అనేవారు. పందికొక్కులకు ఆ సంగతి పట్టదు కదా.

వాటికోసం ఆయన దగ్గర లైసెన్సున్న చిన్న రైఫిల్ ఉండేది. మీలో తుపాకులంటే గిట్టనివాళ్లు ముఖం చిట్లించకండి, నేనూ మొదట చిట్లించినదాన్నే. ఒక శనివారం నన్ను తోడు తీసుకుని అబిడ్స్‌లో తూటాల కొట్టుకి వెళ్లారు. పెళ్లి చీరలు కొనేవాళ్లకు కూడా అంత ఓపిక ఉండదు. ప్రతిదీ అరచేతిలో వేసుకుని బరువు చూడటం, పక్కన పెట్టడం. చివరికి బాగా తేలికవి, ముక్కున చిన్న గుంట ఉన్నవి అడిగారు.

"బరువుది తీస్కోండి సాబ్, సీదా పోతది, దూరం పోతది" అన్నాడు కొట్టాయన.

"దూరం పోయేదే నాకొద్దు. తగిలిన కాడనే పొడి గావాలె. రాయికి తాకి మల్ల ఎగరొద్దు."

సాయంత్రాలు ఆయన పక్కన గట్టు మీద కూర్చునేదాన్ని. ఎక్కడో బండలు పేల్చిన దుమ్ము గాల్లో అలాగే నిలిచి ఉండేది. ఆ దుమ్ములో అద్దాల భవనం పునాదుల్లేకుండా తేలుతున్నట్టుండేది. ఆయన ఎప్పుడో గానీ పేల్చేవారు కాదు. పేల్చాక మాత్రం కళ్లు మూసుకుని, తల ఓ పక్కకు వంచి వినేవారు. బరువు తూటా అయితే బండకు తగిలి జుంయ్‌మని ఎటో పోతుందట. తేలికది మట్టిగడ్డ చిట్లినట్టు అక్కడే అయిపోతుంది. "తూటా పోయినంక రాయి పలకొద్దు" అనేది ఆయన మాట. కోపంలో నోరు జారబోయి, ఆ మాట ఎదుటివాళ్లను దాటి వెనక ఇంకెవరికి తగులుతుందో చూసుకునే అలవాటు నాకు ఆయన దగ్గరే అబ్బింది. అందుకు ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు, ఇప్పుడు మీతో చెబుతున్నాను.

ఆ ఏడు బండ వెనక పాలమూరు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. చేను పీకే రోజులొచ్చాయి. పందికొక్కులు విరుచుకుపడ్డాయి. తేలిక తూటాలు అయిపోయాయి, కొట్లో బరువువే ఉంటే అవే తెచ్చుకున్నారు. ఒక సాయంత్రం బండ ముందుకే వచ్చింది ఒకటి, బాగా బలిసినది. ఆయన తుపాకీ ఎత్తారు. బండ వెనక గిన్నెల చప్పుడు, ఒక పసిపిల్ల ఏడుపు. దించేసి, తూటా తీసి జేబులో వేసుకున్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "ఈ ఒక్కసారికి కొట్టేయండి బాబాయిగారూ, గింజ మిగలదు."

"గింజ నాది, పోతే నేనేడుస్త. రాయెనక ఉన్నది ఎవరి పిల్లలో."

లేచి నేరుగా గుడిసెలకు వెళ్లి, పందికొక్కుల మీద తుపాకీ పేల్చే చేను, పిల్లల్ని ఇటు రానీయొద్దని చెప్పారు. అక్కడి ముసలామె నవ్వింది. "పందికొక్కులకు తుపాకేంది పెద్దయ్యా? జెర ఆగు, పొద్దుగాల మావోళ్లొస్తరు."

తెల్లారగానే గడ్డపారలతో వచ్చారు. బొరియల్లో పొగ పెట్టారు, తవ్వారు. దొరికిన పందికొక్కుల్ని కూరకు ఉంచుకున్నారు. బొరియల అడుగున అవి దాచుకున్న పల్లీకాయలు కుప్పలుగా ఉన్నాయి, పొట్టు కూడా చెడలేదు. వాటిని బాబాయిగారి తువ్వాల్లో పోశారు. ఆయన ఒక్కో కాయా చెవి దగ్గర ఆడించి, విత్తనానికి చాలినన్ని ఏరుకుని, మిగతావి వాళ్లకే ఇచ్చేశారు. కళ్లు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం బండ వెనక పల్లీలు కాలుస్తున్న వాసన. బాబాయిగారు ఖాళీ తుపాకీ ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు, తల ఓ పక్కకు వంచి. పిల్లల నవ్వులు బండకు తగిలి, చేనంతా దాటి మా దాకా వస్తున్నాయి.

"రాయి పలుకుతోంది బాబాయిగారూ" అన్నాను.

"పలకనీ బిడ్డా" అని ఆయన కళ్లు మూసుకున్నారు.