మినుముల సంచి

కాకుమాను నుంచి మా తమ్ముడు పంపిన కొత్త మినుముల మూట నిన్న స్టూడియోకి చేరింది. తాడు విప్పగానే ఎండిన పొట్టు వాసన, దాని వెనక కొంచెం మట్టి వాసన వచ్చాయి. మణికట్టు దాకా చెయ్యి ముంచాను. లోపల చల్లగా ఉంది. గింజలు వేళ్ల మధ్య నుంచి జారి, చెయ్యి చుట్టూ సర్దుకుని, తర్వాత కదలడం మానేశాయి. మా ఇంట్లో మినుములంటే ఇడ్లీ, గారె, సున్నుండ. నాకు మాత్రం ముందు శేషగిరి గారు గుర్తొస్తారు. తెనాలిలో నేను పనిచేస్తున్న ఈ ఫొటో స్టూడియో ఆయనది. పోయిన వానాకాలంలో ఆయన చనిపోయారు. ఒక మనిషి మినుములు చూస్తే ఎందుకు గుర్తొస్తారో ఆయన్ని చూడని వాళ్లకి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆయన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. చుట్టుపక్కల ఊళ్లలో తల్లి పెళ్లీ ఆయనే తీసి, కూతురి పెళ్లీ ఆయనే తీసిన ఇళ్లు చాలా ఉన్నాయి. కెమెరా కంటికి ఆనించాక ఆయన ఒక్క మాటే అనేవారు: "స్టడీ." మెల్లగా, పసిపిల్లల్ని నిద్రపుచ్చుతున్నట్టు అనేవారు. అంతవరకూ మెడలో దండ సర్దుకుంటున్న పెళ్లికొడుకు, మేనత్తతో మాట్లాడుతున్న పెళ్లికూతురు, ఇద్దరూ ఆ మాటకి ఆగిపోయేవారు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పిట్టలతో కూడా అలాగే మాట్లాడేవారు. కాలువ ఒడ్డున కొంగ కనిపిస్తే, "గడ్డం కొంచెం పైకమ్మా, ఆఁ, స్టడీ" అనేవారు. అది ఎగిరిపోతే, "ఆడపెళ్లివారు అలిగారు" అని కెమెరా దించేవారు.

నేను ఆల్బమ్‌లు తయారు చేసే పనికి చేరాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లికూతుళ్ల ముఖాల మీద మచ్చలు చెరిపేదాన్ని. బాపట్ల వైపు పల్లెలో పుట్టి పెరిగినా, పొలం గట్టు తొక్కి చాలా కాలమైంది. ఒక శనివారం సాయంత్రం ఆయన నా వెనక నిలబడి కొంతసేపు తెర వంక చూశారు.

"పద్మా, వారమంతా మచ్చలు తుడుస్తున్నావు. రేపు మాతో రేపల్లె రా. ఒళ్లంతా మచ్చలున్న పిట్టని చూపిస్తాను. దాన్ని తుడవమని ఎవరూ అడగరు."

"మీతోనా సార్?"

"నాతో అంటే మీ పిన్నిగారితో. ఆవిడ లేకుండా నేను ఏ నీళ్ల దగ్గరికీ వెళ్లను. నాకు ఈత రాదు."

పిన్నిగారంటే ఆయన భార్య కాంతమ్మ గారు. మర్నాడు పొద్దున రేపల్లె రైల్లో ఆవిడ మా ఎదుటి సీట్లో కూర్చున్నారు. ఒక చేతిలో పెరుగన్నం గిన్నె, ఇంకో చేతిలో గుడ్డ చుట్టిన వెదురు గాలం. ఆదివారాలు ఆయన పిట్టల కోసం వెళ్తారని అందరికీ తెలుసు. ఆవిడ చేపలు పడతారని నాకు ఆ రోజే తెలిసింది. "ఆయన పట్టినవి గోడకి తగిలిస్తారు. నేను పట్టినవి పొయ్యి మీదకి వస్తాయి. ఎవరి ముచ్చట వాళ్లది" అన్నారు.

రేపల్లె దాటాక ఒక కాలువ మలుపులో ఏసుబాబు అనే అతని పడవ ఉండేది. పడవ కదలకుండా ఉండాలంటే ఒక తాడు చాలదని అక్కడే చూశాను. ఏసుబాబు ముందొక గెడ, వెనకొక గెడ బురదలోకి గుచ్చి పడవని రెండింటికీ బిగించేవాడు. శేషగిరి గారు సూర్యుడు తన వీపు వైపు ఉండేలా చూసుకుని, లెన్సు నీటికి దగ్గరగా ఉండేలా పడవ అడుగున కూర్చునేవారు. పై నుంచి తీస్తే పిట్ట వీపు వస్తుంది, దాని ఎత్తులో తీస్తే దాని కన్ను వస్తుంది అనేవారు. చొక్కా ఎప్పుడూ మట్టి రంగుదే. పిట్ట వెనక పడవ నడిపించడం ఆయనకి నచ్చదు. "పెళ్లిలో పురోహితుడి వెనక పరిగెడతామా? ఎక్కడ కూర్చుంటాడో తెలుసు కదా. ముందే వెళ్లి చోటు చూసుకోవాలి."

ఆ మచ్చల పిట్ట నలుపు తెలుపు లకుముకి. మామూలు నీలి లకుముకి కొమ్మ మీద కూర్చుని దూకుతుంది. ఇది అలా కాదు. నీటికి బాగా పైన, గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. కింద చేప సరైన చోటికి రాగానే రాయిలా పడుతుంది. ఆయన ఎన్నేళ్లుగానో ఆ నిలబడ్డ క్షణం కోసం చూస్తున్నారు. తీసినవి చాలానే ఉన్నాయి. ఏదీ ఆయనకి నచ్చలేదు. షట్టర్ వేగం పెంచితే ప్రతి ఈకా గీసినట్టు స్పష్టంగా వచ్చేది. "బాగానే ఉంది కానీ దారం కట్టి వేలాడదీసినట్టుంది. ఇది ఎగరట్లేదు" అనేవారు. వేగం తగ్గిస్తే రెక్కల్లో కదలిక వచ్చేది కానీ తల కూడా చెదిరిపోయేది.

ఆయన అలా చూస్తుంటే, కాంతమ్మ గారు ఒడ్డున కూర్చుని నాకు గాలం నేర్పారు. దారానికి కట్టిన జీలుగు బెండు నీటి మీద నిలబడి ఉండేది. ఎరని చిన్న చేపలు పొడిచినప్పుడు బెండు వణికేది. వణకగానే నేను కర్ర ఎత్తేదాన్ని. గాలం ఖాళీగా వచ్చేది. ఇంకోసారి, మరోసారి. పడవలోంచి ఏసుబాబు, "అమ్మాయిగారూ, ఎర్రలన్నీ పరిగెపిల్లలకి టిఫిన్ పెట్టేస్తున్నారండి" అని నవ్వాడు.

కాంతమ్మ గారు నా చెయ్యి పట్టుకుని కిందికి దించారు. "వణికితే లాగకూడదమ్మా. మునిగితే లాగాలి."

ఆ మాటని అప్పుడు చేపల సంగతిగానే విన్నాను.

తర్వాత కొన్నేళ్లకి శేషగిరి గారు బాపట్లలో ఒక పెళ్లి తీశారు. పెళ్లి ఫొటోల్లో జీలకర్ర బెల్లం ముఖ్యం. తెర దిగుతుంది, ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు, ఒకరినొకరు చూస్తారు. మళ్లీ చెయ్యమంటే చేస్తారు కానీ ఆ చూపు రాదు. మర్నాడు స్టూడియోలో ఆ ఫొటోలు తెరిచాను. తెర దిగిన దగ్గర నుంచి అన్నీ చెదిరి ఉన్నాయి. పెళ్లికూతురు కదల్లేదు, వెనకున్న స్తంభం కూడా చెదిరింది. ఆయన వచ్చి చూసి, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, "స్తంభం వణకదు కదమ్మా" అన్నారు. వీడియోలోంచి ఒక బొమ్మ తీసి ఆల్బమ్‌లో పెట్టాం. ఆయనే ఆ ఇంటికి వెళ్లి సంగతి చెప్పి వచ్చారు.

గుంటూరులో డాక్టరు జబ్బు పేరు చెప్పి, మందులతో నెమ్మదిస్తుంది కానీ పోదన్నారు. అప్పటికే నాకు కెమెరా పని నేర్పి ఉన్న శేషగిరి గారు పెళ్లిళ్లు నాకు అప్పగించారు. అది ఆయనకి పెద్ద కష్టంగా అనిపించినట్టు లేదు. కెమెరాని, పెద్ద లెన్సుని బీరువాలో పెట్టి తాళం వేసిన రోజు నుంచి మాత్రం మనిషి మారిపోయారు. ఆదివారాలు బయటికి రావడం మానేశారు. జోకులు ఆగిపోయాయి. ఎవరైనా కాఫీ ఇస్తే, వాళ్లు వెళ్లాక తాగేవారు. కాంతమ్మ గారు నన్ను వంటింట్లోకి పిలిచి, "చేతుల సంగతి డాక్టరు చూసుకుంటాడు. ఈయన చూడడమే మానేశారు పద్మా. దానికి ఎవరి దగ్గరికి వెళ్లను?" అన్నారు.

నేను ట్రైపాడ్ తెస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. పడవలో దాని కాళ్లకి చోటుండదు, ఉన్నా నీటిలో లేచే ప్రతి అల కాళ్ల మీదుగా కెమెరాకి ఎక్కుతుంది. ఆ మాట నిజం. తర్వాత ఎక్కడో చదివాను, అడవుల్లో ఫొటోలు తీసేవాళ్లు లెన్సు కింద గింజల సంచి పెట్టుకుంటారని. గింజలు లెన్సు ఆకారానికి సర్దుకుని, కదలికని మింగేస్తాయి. మేం ముందు ఇసుకతో చూశాం, బరువు, పైగా రాలితే కెమెరా పాడవుతుంది. బియ్యం నింపితే పొడి రాలింది. ఆ వారం మా తమ్ముడు ఇడ్లీలకని పంపిన మినుములు మా ఇంట్లో ఉన్నాయి. గుండ్రంగా, నున్నగా, పొడి లేకుండా ఉన్నాయి. కాంతమ్మ గారు ఆయన పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, రెండు కొసలూ కుట్టారు.

శేషగిరి గారు దాన్ని చూసి, "ఏంటిది, నా కాలా?" అన్నారు.

"మీరు వాడట్లేదు కదా అని" అన్నారావిడ.

"ఎందుకు కాంతం ఇదంతా? వణికే చేతికి కెమెరా ఎందుకు?"

ఆవిడ సూదిలోంచి దారం తెంపి, తల ఎత్తకుండా అన్నారు. "వణికింది కదా అని లాగేసుకుంటారేంటి? మునిగినప్పుడు చూద్దాం. అప్పుడు నేనే చెప్తాను."

ఆయన సంచిని ఒకసారి నొక్కి చూశారు. తర్వాత బీరువా తాళం ఇమ్మన్నారు.

మొదటి ఆదివారం పడవ అంచు మీద సంచి పెట్టి, దాని మీద లెన్సు ఆనించారు. ఏసుబాబు వంగి చూసి, "పిట్టలకి మేత తెచ్చారా సార్?" అన్నాడు. ఆ రోజు ఏదీ సరిగా రాలేదు. వస్తుంటే వాన పడింది. కెమెరాని కాపాడుకున్నాం, సంచిని మర్చిపోయాం. స్టూడియోలో బల్ల కింద పడేసిన సంచి కొన్నాళ్లకి వాసన వేసింది. విప్పితే లోపలంతా మొలకలు. కుట్ల సందుల్లోంచి తెల్లటి తోకలు బయటికి వచ్చాయి. నేను సిగ్గుపడ్డాను. శేషగిరి గారు సంచిని వెలుగులోకి ఎత్తి పట్టుకుని నవ్వారు. "స్టడీగా ఉండమంటే మొలకెత్తింది." ఆ నవ్వు విని ఎంతకాలమైందో అప్పుడు గుర్తొచ్చింది. రెండో సంచికి కాంతమ్మ గారు లోపల ప్లాస్టిక్ అస్తరు వేశారు. ప్యాంటుకి రెండు కాళ్లుంటాయి కదా.

సంచి వల్ల వణుకు పోలేదు. లెన్సు దాకా చేరడం తగ్గింది. ఏ పూట చెయ్యి నెమ్మదిగా ఉంటుందో, ఊపిరి వదిలాక ఎంతసేపు ఆగితే మంచిదో ఆయన నేర్చుకున్నారు. మీట నొక్కడం కాకుండా, వేలు దాని మీద ఉంచి మెల్లగా బరువు వెయ్యడం నేర్చుకున్నారు. చాలా ఆదివారాలు ఖాళీగానే వచ్చాం. ఒక చలికాలం పొద్దున ఆ పిట్ట వచ్చి మా ముందు గాలిలో నిలబడింది. ఆయన షట్టర్ వేగం తగ్గించడం చూశాను. వణికే చేతులతో ఎవరూ చెయ్యని పని అది. వద్దందామనుకుని ఊరుకున్నాను. "స్టడీ" అన్నారు. పిట్టతో అన్నారో, చేతితో అన్నారో తెలియదు.

స్టూడియోకి వచ్చి తెర మీద చూస్తే అన్నీ చెదిరినవే, ఒక్కటి తప్ప. అందులో రెక్కలు పొగలా ఉన్నాయి. మధ్యలో తల మాత్రం కదలకుండా ఉంది. కంట్లో కాలువ ఒడ్డు కనిపిస్తోంది. నేను అలవాటు కొద్దీ, "రెక్కలు కొంచెం పదును చెయ్యనా సార్?" అన్నాను.

"వద్దు. దాని రెక్కలూ వణుకుతున్నాయి, వణకనీ. చూపు స్టడీగా ఉందా లేదా?"

"ఉందండి."

"అయితే చాలు."

పోలికలు తేలిగ్గా దొరుకుతాయి కనుక వాటిని నేను నమ్మను. ఈ వణుకు పోలిక ఆయన అన్నది కాబట్టి రాస్తున్నాను. ఆ తర్వాత కూడా ఆయన చాలా ఆదివారాలు వచ్చారు. చివరికి కెమెరా ఎత్తలేకపోయినప్పుడు, పడవలో నా పక్కన కూర్చుని పిట్ట ఎటు నుంచి వస్తుందో చెప్పేవారు. ఆయన చెప్పినట్టే వచ్చేది. కాంతమ్మ గారు లాగెయ్యమని ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయాక, అంత్యక్రియలైన మర్నాడు, "బెండు మునిగింది పద్మా" అన్నారు. కొన్ని వారాలకి ఆవిడే ఫోన్ చేసి రేపల్లె రైలు సంగతి అడిగారు. ఇప్పుడు నేను పడవలో, ఆవిడ ఒడ్డున.

ఆ లకుముకి ఫొటో ఇప్పుడు స్టూడియో గోడ మీద ఉంది. పెళ్లి ఫొటోలు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు చూసి, రెక్కలు సరిగా రాలేదేమో అంటుంటారు. అవునండి, అలాగే వచ్చాయి అంటాను.

మొన్న మాఘంలో బాపట్లలో ఒక పెళ్లి. ఆయన పోయాక నేను తీసిన మొదటి పెళ్లి అది. జీలకర్ర బెల్లం వేళకి తెర పట్టుకున్నారు. కెమెరా ఎత్తితే నా చేతులు వణుకుతున్నాయి. కాసేపు వాటినే చూశాను. లాగెయ్యలేదు. వెళ్లి సంచి తెచ్చి, వేదిక అంచున పెట్టి, దాని వెనక మోకాళ్ల మీద కూర్చుని లెన్సు ఆనించాను. గింజలు జరిగి, సర్దుకుని, ఆగాయి.

పురోహితుడు మంత్రాల మధ్య ఖాళీలో ఇటు చూశారు. "ఏంటమ్మా అది?"

"మినుములండి."

"నవధాన్యాల్లో మినుములు నేనే తెచ్చానే. నీవి ఎందుకు?"

"ఇవి స్టడీ కోసమండి."

"చదువుకా?" అన్నారాయన, కళ్లజోడు సర్దుకుంటూ. "మినుములతో చదువేంటమ్మా?"

తెర దిగుతోంది.

"అవునండి, చదువే" అన్నాను. ఊపిరి వదిలి, వేలి బరువు మీట మీద వేశాను.