ఆయిలంటే ఆయిలే

మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన తెల్ల అంబాసిడర్ మాత్రం ఇంకా మా పెరటి పాకలోనే ఉంది. ఒకప్పుడు రాజమండ్రి టాక్సీ స్టాండులో తిరిగిన కారు. ఇప్పుడు దాన్ని పెళ్ళిళ్ళకే పిలుస్తారు. పాత కారులోంచి పెళ్ళికొడుకు దిగితే ఫొటోలు బాగా వస్తాయట. నడిపేది మా మరిది, తుడిచేది నేను.

ఆ శుక్రవారం కాళ్ళ కింది పట్టా తీసి తుడుస్తుంటే చెయ్యి బ్రేకు పెడల్ మీద పడింది. మా ఆయన ఉన్నప్పుడు అది సగం దిగి రాయిలా ఆగేది. ఇప్పుడు మగ్గిపోయిన పనసకాయలోకి వేలు దిగినట్టు మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. ఆదివారం ఆ కారులో పెళ్ళివారు పిఠాపురం వెళ్ళాలి. మా ఊరి నుంచి లాకుల దాకా దారంతా కాలవ గట్టు మీదే. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పల్లం.

మరిదిని పిలిచి చెప్పాను.

"ఆయిల్ తగ్గుంటది వదినా. పోస్తాలే," అన్నాడు. నోట్లో కిళ్ళీ.

బానెట్ ఎత్తి, మూలనున్న డబ్బా తీసి పోశాడు. సగం లోపల, సగం బయట. ఆ చేతులు తాడు మీద ఆరేసిన నా చీరకే తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే ఒలికిన ఆయిల్ బానెట్ అంచున ఇంకా మెరుస్తోంది. గుడ్డ పెట్టి తుడిచాను. కింద తెల్లరంగు చెక్కు చెదరలేదు. అప్పుడు నాకు అనుమానం తగిలింది. నాకు సంతకం దాకానే అక్షరాలొచ్చు, డబ్బా మీద ఏం రాశారో చదవలేను. కానీ బ్రేకు ఆయిల్ రంగు మీద పడితే ఏమవుతుందో నాకు తెలుసు. పూటలో పొక్కులొచ్చి రంగు లేచిపోతుంది. మా ఆయన చేతిలోంచి ఒక్క చుక్క జారితే చెంబుడు నీళ్ళు పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఆ బ్రేకు ఆయిల్ డబ్బా విడిగా, అటక మీద పెట్టేవాడు ఆయన. వీడు పోసింది ఇంజనుకి పోసే ఆయిల్.

"ఏమయ్యా, నువ్వు పోసింది బ్రేకుది కాదు," అన్నాను.

"ఆయిలంటే ఆయిలే వదినా. నూనెలో కూడా పప్పునూనె, ఆవనూనె అని చూస్తావేంటి?" అని నవ్వాడు. "రెండుసార్లు గబగబా తొక్కితే పట్టుద్ది. రాత్రి చూశా. నీకెందుకు ఈ గోల, వంట చూసుకో."

అన్న నడిపిన కారే, కానీ ఈ తమ్ముడి ఒళ్ళంతా బద్ధకం. ఆ పళ్ళూ, ఆ ఎర్రటి నవ్వూ నాకు చూడబుద్ధి కాలేదు. కారు తాళం వాడి జేబులోనే ఉంది.

ఆదివారం పొద్దున్నే కారుకి బంతిపూలు కట్టాడు, రిబ్బన్లు చుట్టాడు, అద్దానికి సెంటు కొట్టాడు. పెళ్ళికొడుకుది మా వీధి చివరి ఇల్లే, మాకు రెండిళ్ళ అవతల. కారు అక్కడికి తీసుకెళ్ళబోతూ నా గుమ్మం దగ్గరికి వచ్చాడు. వాకిట్లో జనం ఉన్నారు కాబట్టి గొంతు మారిపోయింది.

"వదినగారూ, కారు వీధి దాటేదాకా కాస్త లోపలుండండి. పెళ్ళివారు కదా, ఏమనుకోకండి."

ఏమనుకోకండి అట. ఆరేళ్ళుగా వింటున్నాను. ప్రతి పెళ్ళికీ కారు తుడిచేది నేనే, అది బయల్దేరేటప్పుడు తలుపు వెనక నిలబడేది నేనే. బొట్టు లేని మొహం ఎదురొస్తే శుభం చెడుతుందని.

తలుపు వెనకే నిలబడ్డాను. పెళ్ళికొడుకు, వాళ్ళమ్మ, వెనక సీట్లో ఇద్దరు చిన్న ఆడపిల్లలు ఎక్కుతున్న అలికిడి వినిపించింది. పిల్లలు కిటికీ కోసం కొట్టుకుంటున్నారు. ఆ గొంతులు విన్నాక నిలబడలేకపోయాను. పెరటి దారిన పోయి, వీధి మొగలో కారుకి ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

కారు ఇంకా కదల్లేదు. మరిది హారన్ కొట్టాడు.

"బ్రేకు పట్టదండీ! అందులో తప్పుడు ఆయిల్ పోశాడు, పిల్లల్ని దింపండి!" అని అరిచాను.

ఒక్కళ్ళూ నా మాట వినలేదు. పెళ్ళికొడుకు తల్లి నా నుదురు చూసి "రామ రామ" అంటూ దిగిపోయింది. "ఏంటండీ ఇది, బుద్ధి లేదా మీకు? శుభమా అని బయల్దేరుతుంటే!"

"బ్రేకు అండీ..."

"బ్రేకూ లేదు గీకూ లేదు. పక్కకి తప్పుకోండి." కొడుకువైపు తిరిగి, "దిగరా. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళదాం," అంది.

"మీరు నీళ్ళు తాగి వచ్చినా నేనిక్కడే ఉంటాను," అన్నాను.

ఆవిడ నన్ను పాచిపట్టిన గచ్చుని చూసినట్టు చూసింది. చివరికి చుట్టాల కారొకటి తెప్పించుకుని, నా వైపు చూడకుండా ఎక్కి వెళ్ళిపోయారు. మరిది తాళం నా కాళ్ళ దగ్గర విసిరేసి పోయాడు. ప్రాణాల సంగతి చెప్తే దిగనివాళ్ళు ఖాళీ నుదురు చూసి దిగారు. నాకు వాళ్ళ మీద ఎంత రోత పుట్టిందో, ఆ నుదుటినే వాడుకున్నందుకు నా మీద నాకూ అంతే పుట్టింది.

మధ్యాహ్నం లాకుల దగ్గర లారీలు బాగుచేసే ముసలాయన్ని పిలిపించాను. ఆయన పైపు విప్పగానే మురుగు కాలవ తోడినట్టు నల్లటి జిగురు కారింది. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి, జలగల్లా మెత్తగా ఉన్నాయి.

"ఇంజనాయిల్ తగిలితే రబ్బరు ఇలాగే ఉబ్బుద్దండి," అన్నాడాయన. "గట్టు మలుపులో ఒక్కసారి గట్టిగా తొక్కుంటే తిన్నగా కాలవలోకేనండి. ఇది పోసిందెవరండీ?"

"మా మరిది."

"దణ్ణం పెట్టాలండి ఆయనకి."

స్పిరిట్‌తో పైపులన్నీ కడిగాడు. కొత్త వాషర్లు వేసి, బ్రేకు ఆయిల్ పోశాడు. ఇక లోపలి గాలి తీయాలి. పెడల్ తొక్కడానికి మనిషి కావాలంటే నేనే ఎక్కి కూర్చున్నాను. ఆయన వెనక చక్రం దగ్గర పడుకుని కేకేస్తున్నాడు.

"తొక్కండమ్మా. పట్టుకోండి. ఆ, వదలండి. మళ్ళీ తొక్కండి."

మొదట్లో కాలు బురదలో దిగినట్టే ఉంది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పిక్కలు పీకేశాయి. చివరిసారి తొక్కితే సగంలోనే గట్టిగా ఆగింది. ఎంత బరువు వేసినా దిగలేదు.

సాయంత్రం మరిది వచ్చాడు. "బాగైందట కదా. తాళం ఇవ్వు వదినా. వీధిలో పరువు తీశావు. ఇంక ఎవరు పిలుస్తారు మన కారుని?"

నేను ఏరి కాగితంలో పెట్టిన పాత వాషర్లు చేతికిచ్చాను. అవి వేళ్ళకి అంటుకునేసరికి "ఛీ" అని విదిలించాడు.

"పెళ్ళిళ్ళకి పిలవకపోతే నిమ్మకాయల బస్తాలు తోలిస్తాను," అన్నాను. "నువ్వు మాత్రం తోలవు."

తాళం బొడ్లో దోపుకుని, సబ్బు తీసుకుని చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళాను. ఎంత రుద్దినా ఆ వాషర్ల నలుపు గోళ్ళలోంచి పోలేదు.