ఆరింటి మాత్ర

ఆమె బావగారికి ఏ రెండు మాత్రలైనా ఒకేసారి ఒకే కడుపులోకి వెళ్ళడం బొత్తిగా గిట్టదు. రైల్వేలో ముప్పై ఏళ్ళు సిగ్నల్ పని చేసి రిటైరైన మనిషి. ఒకే పట్టాల మీదికి రెండు బళ్ళు వదిలితే ఏమవుతుందో తనకు తెలిసినంతగా డాక్టర్లకు తెలియదని ఆయన నమ్మకం. ఎవరు ఎదురైనా కుశలం అడగరు. ఏం మింగారు, ఎన్నింటికి మింగారు అని అడుగుతారు.

ఒకసారి బస్సులో పక్కసీటాయన ఐరన్ మాత్ర మింగి, ఫ్లాస్కులోంచి టీ వంచుకున్నాడు. ఈయన కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టేశారు. టీ పడితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదనీ, ఓ రెండు గంటలు ఆగమనీ చెప్పారు. తను దిగాల్సిన చోటు దాటిపోయినా ఆ చెయ్యి తియ్యలేదు.

ఎదురింటి దర్జీ బలానికి మూడు రకాల సీసాలు వాడుతున్నానని గొప్పలు పోతే, భూతద్దం పెట్టి వాటి మీది రాతలన్నీ చదివారు. మూడింట్లోనూ ఎ విటమిన్ ఉందనీ, అది ఎక్కువైతే కాలేయంలో పేరుకుని చేటు చేస్తుందనీ తేల్చి, రెండు సీసాలు సంచిలో వేసుకొచ్చేశారు. ఆ దర్జీ ఆర్నెల్ల పాటు ఆయన చొక్కా ముట్టుకోలేదు.

ఇవన్నీ చెప్పుకుని ఆమె, ఆమె భర్త పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ భర్త, అంటే బావగారి తమ్ముడు, పోయి నాలుగు నెలలైంది. ఏడాది పాటు మంచాన పడ్డ మనిషికి గడియారం చూసి పూటపూటా మందులిచ్చింది ఆమే. ఆయన పోయాక గడియారం వంక చూడడమే మానేసింది.

ఈలోగా ఆమె ఒంట్లో రక్తం ఏడుకు పడిపోయింది. డాక్టరు ఐరన్, కాల్షియం, డి విటమిన్ రాశాడు. మళ్ళీ వేళలు చూసే ఓపిక ఎక్కడిది? మూడూ గుప్పిట్లో పోసుకుని పొద్దున్నే టీతో గుటుక్కుమనిపించేది. నెల తిరిగినా రక్తం ఏడు దగ్గరే ఉంది. వచ్చే నెలకీ ఇంతే అయితే ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాలన్నాడు డాక్టరు. భర్త కన్నుమూసిన వార్డు అదే. ఆ గడప మళ్ళీ తొక్కడం కంటే పోవడమే మేలనిపించింది ఆమెకు.

సంగతి బావగారి చెవిన పడింది. మర్నాటి నుంచి దండయాత్రే. పదకొండింటికి నిమ్మరసంతో ఐరన్. రెండింటికి కాల్షియం, అదీ భోజనం చేసినట్టు ఎంగిలి కంచం చూపిస్తేనే. కడిగేసిన కంచం సాక్ష్యానికి చెల్లదన్నారు. ఆరింటికి డి విటమిన్. వానైనా సరే, మూడు పూటలూ నాలుగు వీధులు దాటి నడిచి వచ్చేవారు.

ఆరింటిదంటే ఆమెకు మరీ ఒళ్ళుమంట. భర్త పని నుంచి ఇంటికొచ్చే వేళ అది. ఆ వేళకి తలుపు బిగించుకుని, లైటు కూడా వెయ్యకుండా కూర్చునేది. ఈయన తలుపు బాది, లైటు వేయించి, మాత్ర మింగించి, గంటసేపు రైళ్ళ కబుర్లు చెప్పి గానీ కదిలేవారు కాదు.

"నన్ను చావనివ్వరు కదా బావగారూ," అంది ఒకరోజు.

"ముందు ఆరింటిది వేసుకోమ్మా. ఆ సంగతి తర్వాత చూద్దాం," అన్నారాయన నీళ్ళ గ్లాసు అందిస్తూ.

నెల గడిచాక రక్తం తొమ్మిదికొచ్చింది. ఎక్కించక్కర్లేదు, మాత్రలు మాత్రం ఆపొద్దన్నాడు డాక్టరు. వస్తూ వస్తూ ఆమె మందుల షాపులో ఆగింది. చీటీ మీద మూడు వేళలూ రాసిమ్మంటే షాపాయన రెండే రాశాడు.

"డి విటమిన్ విడిగా ఎందుకమ్మా? భోజనం కాగానే కాల్షియంతో కలిపి వేసుకోవచ్చు. మీ బావగారికి మొదటిరోజే చెప్పానే."

"ఏమన్నారు?"

"'తెలుసులేవయ్యా, సాయంత్రం ఆరింటికి ఆ ఇంటికి వెళ్ళడానికి నాకో మాత్ర కావాలి' అన్నారు."

ఆ సాయంత్రం బావగారు వచ్చేసరికి తలుపు తీసే ఉంది, లైటు వెలుగుతోంది. ఆయన అనుమానంగా లోపలికొచ్చి మాత్ర చేతిలో పెట్టారు. ఆమె నీళ్ళ గ్లాసు తనే అందుకుని మింగింది.

"ఏడింటికి కూడా ఏదైనా ఉందేమో కనుక్కోండి బావగారూ," అంది.

ఆయన గడియారం వంక చూసి, ఏడింటికి లేదు గానీ ఏడున్నరకి ఉంటుందని గంభీరంగా చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.