నేను తీయించిన అయిదు వరసలు

కొన్నేళ్లుగా ఒక సంగతి నన్ను నలిపేస్తోంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను. సగంలో ఆపను.

అప్పుడు నేను పాలిటెక్నిక్ ముగించి కొత్తగా ఓవర్సీరునయ్యాను. మాది జగ్గయ్యపేట. ఉద్యోగం నందిగామలో. అక్కడ ఒక బడికి గది కడుతుంటే తూర్పు గోడ చూడటానికి వెళ్లాను. దారానికి గుండు కట్టి నిలువు చూశాను. వరసలు సమంగా ఉన్నాయేమోనని రసమట్టం పెట్టాను. మూలలు కొలిచాను. ఎక్కడా తేడా లేదు.

"భలే కట్టాడయ్యా మీ మేస్త్రీ!" అన్నాను.

కాంట్రాక్టరు నవ్వాడు. "మేస్త్రీ చెయ్యి వాచి ఇంట్లో పడున్నాడండి. కట్టింది ఆయన భార్య, ఈ కోటమ్మే. మీరు సరేనంటే ఇకనుంచి ఈవిడకీ మేస్త్రీ పనే ఇస్తా. లేదంటారా, మళ్లీ తట్ట మొయ్యాల్సిందే."

కోటమ్మ తాపీ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. తాపీ మగవాళ్లది, సున్నం తట్ట ఆడవాళ్లది. నేను చూసిన ప్రతిచోటా అంతే. మళ్లీ గోడ వైపు తిరిగాను. సందుల్లో సున్నం ఎక్కువైనట్టుంది. ఇటుక సరిగా తడవనట్టుంది. ఆ తప్పులు నాకు కనిపించాయా, నేనే వెతికానా?

"పై అయిదు వరసలూ తీసేయండి," అన్నాను.

"ఇందాక బాగుందన్నారు గదండీ?" అంది కోటమ్మ.

"ఇందాక సరిగా చూళ్లేదు."

"అయితే మళ్లా గుండు వెయ్యండి బాబూ. నా ముందే వెయ్యండి."

వేయలేదు. గుండు సంచిలో పెట్టేసుకున్నాను. ఆ వరసలు ఆమె చేతులతోనే ఊడదీయించాను.

తర్వాత వేరే మేస్త్రీ వచ్చి కట్టాడు. అతని పని కాస్త బయటికి వాలింది. కొలిచాను, తెలిసింది. అయినా సరేనన్నాను.

ఎందుకు? కొత్త ఉద్యోగం కదా, ఆడమనిషి పనిని మెచ్చుకుంటే పైవాళ్లు నవ్వుతారని భయపడ్డాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఎవరూ నవ్వకపోయినా అలాగే చేసేవాణ్ణి. ఆడవాళ్ల చేతికి ఆ పని రాదని నమ్మాను, కొలత ఆ నమ్మకం తప్పని చెబితే కొలతనే పక్కన పెట్టాను. ఇంకేం చదివినట్టు నేను?

ఆ గది పూర్తయ్యేదాకా ఆమె తట్ట మోస్తూ నా పక్కనుంచే నడిచింది. నేను తల తిప్పుకున్నాను.

క్షమించమనడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. కోటమ్మ కట్టినదాంట్లో తప్పు లేదు. లేదని నాకు ఆ పూటే తెలుసు. ఇంతకాలానికి ఆ మాట రాయగలిగాను. కాస్త ఊపిరాడుతోంది.