పొడి గదిలో బాతు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్లు ఉండగా, నన్ను ఆర్మూర్ పక్కన ఒక పశువుల దవాఖానకు వేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అంటే వైద్యం, కోత, కుట్టు, టీకాలు, పోస్ట్‌మార్టం, పై ఆఫీసుకు నెలనెలా రిపోర్టు, అన్నీ ఒక్కడే చూసుకోవాలి. ఓపీ రిజిస్టర్‌లో ఆవుకు, బర్రెకు, గొర్రెకు, మేకకు, కుక్కకు, కోడికి గడులున్నాయి, బాతుకు లేదు. గంగామణి తెచ్చిన బాతును విసుక్కుంటూ కోడి గడిలోనే రాశాను.

గంగామణిది పెర్కిట్. నలభై ఏళ్లుంటాయి. భర్త దుబాయిలో ఉంటే ఇక్కడ పసుపు చేను ఆమే చూసుకునేది. ఆ పొద్దున వీధికుక్క బాతును వీపు మీద పట్టి ఈడ్చిందట. "ఇంట్ల నేనూ గిదీ ఇద్దరమే సార్. ఎట్లన్న జేసి బతికియ్యిండ్రి" అంటూ గంపను బల్ల మీద పెట్టింది. తీరా చూస్తే గాయమే కనబడదు, పిడికెడు పసుపు కూరి ఉంది.

నాకు ఒళ్లు మండింది. ఈ ఊళ్లో మనిషికి కాలు తెగినా పసుపే, ఎద్దుకు కొమ్ము విరిగినా పసుపే. కుక్క కోర పైకి చిన్న చిల్లులా కనబడుతుంది కానీ లోపల కండను చీల్చేస్తుంది. పైగా పక్షుల ఒంట్లో ఊపిరితిత్తులకు తోడు గాలి తిత్తులుంటాయి. అందులో ఒకటి చిరిగిందంటే పైన పోసిన పొడి నేరుగా ఊపిరిలోకి పోతుంది. నీళ్లు పోసి కడగడానికీ భయమే. ఈకలు కత్తిరించి, సెలైన్‌లో ముంచి పిండిన దూదితో ఆ పసుపంతా తీసేసరికి గంట పట్టింది. బయట బర్రెలు తెచ్చినవాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు.

అదృష్టం కొద్దీ తిత్తి చిరగలేదు. కోర గాయాన్ని కుట్టేస్తే లోపల చీము పడుతుంది కాబట్టి తెరిచే ఉంచి, ఇంజెక్షన్ ఇచ్చి, రోజూ తీసుకురమ్మన్నాను. రెండే షరతులు పెట్టాను. పసుపు ముట్టకూడదు, నీళ్లలోకి వదలకుండా పొడి గదిలో ఉంచాలి.

మర్నాడు గాయం మీద మళ్లీ పసుపు. "పెట్టలే సార్, మా ఆయన మీద ఒట్టు" అంది. నేను నమ్మలేదు. మూడో రోజూ అదే. బాతు తిండి మానేసింది, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతోంది. పక్షులకు ఊపిరాడడం లేదనడానికి అది గుర్తు. అదే సమయానికి దుబాయి నుంచి వీడియో కాల్ చేసిన ఆమె భర్త, "సార్, మన చేన్లదే మంచి పసుపున్నది, జర పెట్టమంటరా?" అన్నాడు. అంతే, నా ఓపిక చచ్చిపోయింది. బాతును చంపుతున్నది కుక్క కాదు, నువ్వేనని నలుగురిలో ఆమెను కేకలేశాను. ఆమె గంప ఎత్తుకుని పోయింది.

నాలుగో రోజు రాలేదు. మధ్యాహ్నం జక్రాన్‌పల్లిలో మేకలకు టీకాలు వేయడానికి పోతూ, లోపల ఏదో గుచ్చుకుంటుంటే పెర్కిట్‌లో దిగాను. ఆమె వెనక గది తలుపు తీసింది. నేను చెప్పినట్టే పొడి గది, కింద మెత్తటి గోనెసంచి, దాని మీద కళ్లు మూసుకుని బాతు. చుట్టూ గోడల వెంట పసుపు బస్తాలు. కిటికీ అవతల వాకిట్లో, ఎండిన పసుపు కొమ్ములను మెరుగు కోసం డ్రమ్ములో వేసి తిప్పుతున్నారు. ఆ దుమ్మంతా లోపలికే వస్తోంది. రెండు నిమిషాల్లో నా తెల్లచొక్కా రంగు మారింది.

"గిదొక్కటే పొడి గది సార్. మీరు చెప్పినట్టే పెట్టిన" అంది.

మూడు రోజులుగా ఆ బాతు పీలుస్తున్నది నా సలహానే. దాన్ని అప్పటికప్పుడు ఆమె వంటింట్లోకి మార్పించాను. గాయం మానడానికి పదిహేను రోజులు పట్టింది. బతికింది, కాకపోతే ఎడమ రెక్క సరిగా ముడుచుకోదు. తప్పు నాదేనని ఆమెకు చెప్పాను. "ఒక్కమాట అడిగితె చెప్తుంటి గద సార్" అంది, కోపమేమీ లేకుండా.

మేత ఏమిటి, జబ్బు ఎన్నాళ్ల నుంచి, పాలు ఎన్ని లీటర్లు అని ముప్పై ఏళ్లు అడిగాను. ఆ తర్వాత, రిటైరయ్యేదాకా, మందు చీటీ రాసే ముందు ఇది ఎక్కడ పడుకుంటుందని కూడా అడిగాను. దానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం పెట్టనందువల్ల అంతకుముందు ఎన్ని మూగజీవాలు పోయాయో నాకు తెలియదు.